పేరమ్మ అడిగిన జోరు

పేరమ్మ కోడళ్ళను, మనవరాళ్ళను వెంటబెట్టుకుని కోట దగ్గరున్న నా పడవల షెడ్డుకు వచ్చింది. ఆదివారం అందరూ కలిసి దీవికి పోయిరావాలట.

మెత్తని సీట్లు, పైకప్పు ఉన్న పడవ చూపించాను. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు అదంటే ముద్దు. ఒకాయనైతే, సముద్రం మధ్యలో కూర్చుని ఏసీ లేదా అని అడిగాడు. పేరమ్మ దాని వంక కూడా చూడలేదు.

"పెద్ద అలల్లో గూడా జోరుగా పోయేది చూపియ్యన్నా."

"పిల్లలతో పోయేటప్పుడు నిదానమే మంచిదమ్మా. అయినా మీ పల్లెలో ఆడవాళ్ళు పడవెక్కకూడదని కట్టుబాటు కదా?"

"అందుకే జోరు కావాల. మమ్మల్ని వెనక్కి తోలకరావాలని కట్టుబాట్లు చూసే పెద్ద, మా ఊరికాపు వెంటబడతాడు. పడవ తోలడంలో ఆయన్ని మించినోడు మా పల్లెలో లేడు."

రెండు ఇంజన్ల పడవ చూపించాను. పేరమ్మ ఎక్కి స్టీరింగు ముందు కూర్చుంది. కోడళ్ళు కూడా ఎక్కేశారు.

"ఇది ఆయనకు అందదమ్మా. మీరు చేరిన అరగంటకు గానీ ఆయన చేరలేడు."

"చాల్లే అన్నా. ఆ లోపల పొయ్యి రాజేసి చేపల పులుసు కాచేస్తాం," అంది పేరమ్మ. "ఊరికి కాపయితే ఏంది, నాకు మొగుడే గదా. ఆకలితో వస్తాడు."