ఎడమ కాలి కింద ఇటుక

త్రికోణాసనం సరిగ్గా కుదిరితే తప్ప బయటికెళ్లడానికి ఇంటి తలుపు తెరుచుకోదు. ఊళ్లో అందరి తలుపులూ అంతే. ప్రమీల కుడిచేతి కింద ఆసరాగా చెక్క ఇటుక పెట్టుకుని వంగింది. మళ్లీ ఆలస్యమైతే ఉద్యోగం ఉండదన్నారు. లోపలి గదిలో పాప ఒకటే ఏడుపు.

“ఎడమ తుంటి లోపలికి తీసుకోండి,” అంది ఆమె కాళ్ల కింది నేల, రోజూలాగే.

అత్తగారు సుభద్రమ్మ పాపను తీసుకొచ్చారు. “నావల్ల కావట్లేదు. కాస్త చంకనేసుకోవే.”

ప్రమీల ఎత్తుకుంది. పాప జారింది. మళ్లీ ఎత్తుకుంటే మళ్లీ జారింది. ఏళ్ల తరబడి నేల చెప్పినట్టే నిలబడి ఆమె నడుము గోడలా నిటారుగా తయారైంది.

“నడుం పక్కకి పెట్టాలే!”

“ఏదీ, మీరు పెట్టండత్తయ్యా.”

సుభద్రమ్మ ప్రయత్నించారు. ఆవిడ నడుమూ పక్కకి రాలేదు.

ప్రమీల విసురుగా ఇటుకను ఎడమ కాలి కిందికి తోసి దానిమీద నిలబడింది. నడుము పక్కకు పొడుచుకొచ్చింది. పాప అక్కడ కుదురుగా కూర్చుని ఏడుపాపేసింది.

“వంకరగా ఉన్నారు. తలుపు తెరవబడదు,” అంది నేల.

“తెరవకపోతే మానెయ్!” అంది ప్రమీల.

సుభద్రమ్మ ఇటుక వంకే చూస్తున్నారు. “కాసేపాగి అది నాకివ్వవే. నేనూ ఎత్తుకుంటాను.”