ఒకే బెంచీ

"కాగితాలు మార్చుకున్నారా, లేదా? ఒక్క మాటలో చెప్పండి!"

హెడ్మాస్టరు బల్ల మీద అరచేత్తో కొట్టాడు. టీ కప్పులోని చెంచా గలగలమంది.

బల్లకు ఇవతల ఐదో తరగతి కవలలు తలలు వంచుకుని నిలబడ్డారు. పది నిమిషాలు ముందు పుట్టినందుకు ఒకతె పెద్దపిట్ట, తీరిగ్గా వెనక వచ్చినందుకు ఇంకొకతె చిన్నపిట్ట. బడంతా అలాగే పిలుస్తుంది. లెక్కల్లో పెద్దపిట్టను అందుకోవడం ఎవరి తరమూ కాదు. చిన్నపిట్టకు మాత్రం భిన్నాలు కనిపిస్తే చాలు, కడుపునొప్పి వచ్చేస్తుంది.

అలాంటిది, ఎవరి లెక్కలు ఏ తరగతి స్థాయిలో ఉన్నాయో తేల్చే పరీక్షలో అంతా తలకిందులైంది. చిన్నపిట్టది ఐదో తరగతి స్థాయి అని వచ్చింది. పెద్దపిట్టది మూడో తరగతి స్థాయి!

"నా పేపరు నేనే రాశాను సార్," అంది చిన్నపిట్ట ముక్కు ఎగబీలుస్తూ.

"నాది కూడా నేనే రాశాను సార్," అంది పెద్దపిట్ట నేల చూపులు చూస్తూ.

"నోళ్లు ముయ్యండి!"

కిటికీ దగ్గరున్న లెక్కల టీచరు ముందుకొచ్చింది. "చిన్నది నిజంగానే నేర్చుకుంది సార్. నెల రోజులుగా రోజూ మధ్యాహ్నం నా పక్కన కూర్చోబెట్టుకుని నేనే చెప్పాను."

అది అక్షరాలా నిజం. ఆమెకు ఈమధ్యే పెళ్లయింది. ఆ కొత్త మొగుడు మురిపెంగా కోసి డబ్బాలో పెట్టిన ఆపిల్ ముక్కలన్నీ చిన్నపిట్ట భిన్నాలకే ఖర్చయిపోయాయి. సగంలో సగం పావు అని తెలిసిన రోజు ఆ పిల్ల ఆ పావు ముక్కను నోట్లో వేసుకుని మెట్ల మీద గంతులేసింది. "అక్కకి చెప్పకండి టీచర్. నేనూ 'ఏ' సెక్షన్‌కి వెళ్తానని తెలిస్తే కళ్లు తిరిగి పడిపోవాలి!" అంది.

ఈ పరీక్షలో తరగతి స్థాయి అందుకున్నవాళ్లు 'ఏ' సెక్షన్. అందుకోనివాళ్లు బీ సెక్షన్. అది రోడ్డవతలి భవనంలో ఉంది. అక్కడ గంట కొట్టే వేళలు కూడా వేరు. ఇన్నాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్న పిట్టలకు ఇకమీదట కలిసి ఇంటికి వెళ్లే వీలు కూడా ఉండదు.

"సరే, చిన్నది ఎక్కిందే అనుకుందాం," అన్నాడు హెడ్మాస్టరు. "మరి పెద్దది? ఉన్నట్టుండి మూడో తరగతిలోకి జారిందా? బడా, జారుడుబల్లా ఇది?"

హెడ్మాస్టరు సొరుగులోంచి ఇంకో ప్రశ్నపత్రం తీశాడు.

"కొత్త పేపరిస్తాను. ఇద్దరికీ చెరో గది. ఇప్పుడే, నా కళ్ల ముందే రాయాలి. మొన్నటిలాగే వచ్చిందా, ఈ పిల్లలకి నేనే సారీ చెప్తాను. తారుమారైందా, దొంగతనం బయటపడ్డట్టే. ఇద్దరినీ బడి నుంచి పంపించేస్తాను. అప్పుడు మీరు అడ్డు రాకూడదమ్మా!"

"రాను సార్," అంది టీచరు ధీమాగా.

పిట్టలను చెరో గదిలో కూర్చోబెట్టారు. టీచరు వరండాలో నిలబడి చేతి గాజులు అటూ ఇటూ తిప్పుకుంది. ఫోన్ కుయ్‌మంది. మొగుడు. 'నీ శిష్యురాలు నెగ్గిందా? రేపు ఆపిలా, జామకాయా?' ఆమెకు నవ్వాగలేదు. 'రెండూ పెట్టు. పండగ చేసుకుంటాం!' అని కొట్టి పంపింది.

కాసేపటికి హెడ్మాస్టరు పిలిచాడు. దిద్దిన పేపర్లు రెండూ బల్ల మీద పక్కపక్కనే పరిచి ఉన్నాయి. పెద్దపిట్ట పేపరు నిండా ఒప్పులే. చిన్నపిట్ట పేపరు నిండా ఎర్రటి అడ్డగీతలు.

టీచరు ఆ పేపరు మీదికి వంగింది. సగంలో సగం ఎంత అన్న ప్రశ్నకు ఎదురుగా చిన్నపిట్ట గుండ్రటి రాత. 'రెండు' అని రాసి ఉంది. నిన్న మధ్యాహ్నం కూడా తడుముకోకుండా చెప్పిన పిల్ల!

"ఇప్పుడేమంటారు?" అన్నాడు హెడ్మాస్టరు. "అమాయకపు మొహాలు చూసి బుట్టలో పడ్డారమ్మా! ఒక్క నెలలో భిన్నాలొచ్చేస్తాయా ఎవరికైనా?"

టీచరు ఆ పేపరును మళ్లీ మళ్లీ తిరగేసింది. అంటే ఆ గంతులు, ఆ నవ్వు, ఆ కుతూహలం, అంతా నటనేనా?

హెడ్మాస్టరు పిల్లల తల్లికి ఫోన్ కలుపుతూనే గుమ్మంలోకి వచ్చాడు. టీచరు కాళ్లీడ్చుకుంటూ వెనకే వెళ్లింది. వరండా బెంచీ మీద పిట్టలిద్దరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. మొహాల్లో భయం మాట అటుంచి, పెళ్లికి వెళ్తున్నంత సంబరం!

"నవ్వులు చాలు!" హెడ్మాస్టరు గర్జించాడు. "పెద్దదానికి అన్నీ ఒప్పులు, చిన్నదానికి అన్నీ తప్పులు! దొరికిపోయారు ఇద్దరూ!"

సంబరం చప్పున ఆరిపోయింది. పిట్టలిద్దరూ దిమ్మెరపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు చిన్నపిట్టే తేరుకుని అక్క భుజం మీద ఒక్కటి వేసింది.

"ఒప్పులెందుకు రాశావే? నీ వెంట బీ సెక్షన్‌కి వద్దామని నేను కష్టపడి అన్నీ తప్పులు పెడితే!"

"నువ్వు నిజంగానే నేర్చుకుని 'ఏ' సెక్షన్‌కి వచ్చేశావని టీచర్ చెప్పారుగా! అందుకే ఒప్పులు రాశాను."

"మరి మొన్న?"

పెద్దపిట్ట భుజం రుద్దుకుంది. "మొన్న నువ్వు బీకే పోతావనుకున్నానే, పిచ్చిదానా!"