గేటు దాటనిది

సుబ్బయ్య సార్ ల్యాబు తలుపుకు గడియ పెట్టించేసరికి ఓబులమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. అయిపోయింది, ఇంక పోలీసులే అనుకుంది.

"సంచి బోర్లించు హుసేన్ వలీ. ఒక్క ట్యూబు కూడా గేటు దాటకూడదు."

వాచ్‌మన్ కూతురి సంచి దులిపాడు. బట్టలు, దువ్వెన, బద్వేలు నుంచి ఓబులమ్మ తెచ్చిన నిప్పట్ల డబ్బా.

"నిప్పట్లలో ఏం దాస్తారు సార్?"

"విరిచి చూడప్పా."

విరిచాడు. ఏమీ లేదు.

ఓబులమ్మ కూతురు మధులత మూడేండ్లు ఈ గదిలోనే మగ్గింది. ఉలవ మొక్కలోంచి కరువుకు తట్టుకునే జన్యువును పట్టింది. "జన్యువు ఒంటరిగా యాడికీ పోలేదుమా. వెక్టర్ అని గుండ్రటి డీఎన్ఏ ఉంటాది. దాంట్లో అతికించి సూక్ష్మజీవి లోపలికి పంపితే, అది పెరిగే కొద్దీ ఇదీ పెరుగుతాది. కంటికి కనపడనంత ఉన్నా చాలు, కోట్లు చేసుకోవచ్చు" అని చెప్పేది. ఓబులమ్మకు సూక్ష్మజీవి అన్న మాటొక్కటే చెవినబడింది. కూతురు ఇంటికొస్తే పసుపునీళ్లతో కాళ్లు కడిగించేది.

ఇప్పుడా పనంతా సార్ తన అల్లుడి పేరున వేస్తాడట. మధులత రాజీనామా రాసింది. కడపలో ఇంకో ల్యాబు రమ్మంటోంది గానీ, చూపించడానికి చేతిలో జన్యువు ఉండాలి కదా!

సార్ రాజీనామా కాపీలు రెండింటి మీదా సంతకం గీకాడు. గుర్తు కోసం కాబోలు, నలిగినదాని కింద పెన్సిల్ సున్నా చుట్టి ఉంది. నలగనిది మధులతకు అందించబోయాడు.

"అది కాదు సార్. మంచిది మీ ఫైల్లో పెట్టుకోండి. నలిగింది నాకియ్యండి."

"ఏదో ఒకటి తీసుకో పాపా! రెండూ ఒకటే గదా, పోదాం రా!" ఓబులమ్మ కూతురి జబ్బ గిల్లింది.

సార్ నవ్వి, కాగితం మార్చి ఇచ్చాడు. "దాచుకో. నీకు మిగిలింది ఇదే."

గడియ తీశారు.

కడప బస్సు కదిలాక గానీ ఓబులమ్మకు ఊపిరాడలేదు. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"ఉత్త చేతుల్తో వస్తివి గదే! మూడేండ్ల కష్టం ఆ గదిలోనే పాయె!"

ఆమె కళ్లు తుడుచుకుని కాగితం అందుకోబోయింది. మధులత చటుక్కున వెనక్కి లాక్కుంది.

"తడి చెయ్యి తగిలించొద్దుమా! నిన్న జన్యువున్న వెక్టర్ చుక్క వేసి ఆరబెట్టింది ఈ సున్నాలోనే."