కోటు మడతలో గూడు

“సాలెగూడండీ అది. దానికోసం తాతని పిలిపించాలా?” అన్నాడు ఇతుకు.

కానిస్టేబుల్ ఎనోక్ ముందుకి వంగి చూశాడు. బల్లమీద పరిచిన తోలుకోటు ఇతుకు అన్న మమరుత్‌ది. నిన్న మంచుబండి లాగే కుక్కలు మంచు తవ్వి బయటికి లాగాయి. వీపున తూటా చిల్లు, చుట్టూ ఎండిన నెత్తురు. చంక మడతలో బూడిదరంగు గూడు, అందులో గడ్డకట్టిన బొచ్చుపురుగు.

“మార్చి తుఫానులో తప్పిపోయాడన్నావు. అప్పటిదాకా నీతోనే ఉన్నాడా?”

“వేట గుడారంలోనే ఉన్నాడు. వదినకి నెలనెలా మాంసం కూడా పంపాడు.”

మమరుత్ భార్య ఇనాలుక్ బిడ్డని వీపున మోస్తూ మూల నిలబడి ఉంది. ఆ బిడ్డ పేరేమిటో ఊళ్ళో ఎవరికీ తెలియదు. ముందు తండ్రి వినాలని ఆమె పట్టు.

ఇంతలో ఎనోక్ పిలిపించిన ముసలి ఊసాకాక్ తాత మనవరాలిని ఎత్తుకొని వచ్చాడు. ఏటా వేసవిలో పురుగుల శాస్త్రవేత్తలకి దారి చూపేది ఆయనే.

“అత్తగారూ, కాస్త దిగండి,” అంటూ పిల్లని దింపాడు. ఆ పిల్లకి చనిపోయిన తన అత్తగారి పేరు పెట్టారు మరి! పోయినవాళ్ళు పేరుతో తిరిగొస్తారని ఆ మంచుతీరంలో నమ్మకం. బతికున్నవాళ్ళ పేరు మాత్రం ఎవరూ పెట్టరు. పెడితే ఆ మనిషి ప్రాణం తోడేసినట్టే.

తాత పురుగుని అరచేతిలో పెట్టుకొని ఊదాడు. కాసేపటికి అది కదిలింది.

“చచ్చిందనుకున్నారా? ఏడెనిమిది చలికాలాలు ఇలాగే గడ్డకట్టి లేస్తుంది. రెక్కలొచ్చేది ఆ తర్వాతే.”

“ఈ గూడు ఎప్పుడు కడుతుంది తాతా?” అడిగాడు ఎనోక్.

“జూలైలో, నేలమీద. మార్చిలో ఎక్కడ కడుతుంది? పోయిన జూలై నుంచీ ఈ కోటు అక్కడే పడుంది నాయనా.”

ఇతుకు మొహం పాలిపోయింది. ఇనాలుక్ గొల్లుమంది.

“ఎనిమిది నెలలు అబద్ధమాడావట్రా? వస్తాడు వస్తాడని గుమ్మంలో కూచున్నానే! అక్టోబరులో బిడ్డ పుట్టి, ఆరోజే పేరు పెట్టుకుంటే, అప్పుడైనా చెప్పలేకపోయావా?”

ఇతుకు వదిన వైపు చాలాసేపు చూశాడు.

“నేనే కాల్చాను,” అన్నాడు చివరికి. “రాసుకోండి.”

ఎనోక్ సంకెళ్ళు వేశాడు. పురుగుని నమ్మినందుకు మంచిదే అయిందనుకున్నాడు. తలుపు తెరవగానే చలిగాలి కొట్టి, వీపున బిడ్డ లేచి ఏడుపందుకున్నాడు. ఇనాలుక్ కళ్ళు తుడుచుకుంటూ, అలవాటుగా వెనక్కి చెయ్యిపెట్టి జోకొట్టింది.

“ఊరుకో మమరుత్, ఊరుకో.”