సన్మానం బూట్లు

గోలు ఎదురుగా ఖాళీగా ఉంది. గోల్‌కీపరు కింద పడి ఉన్నాడు. బంతి బుజ్జి కాళ్ళ దగ్గరే ఉంది. ఊరికే అలా తోస్తే చాలు.

బుజ్జి తన్నాడు. బంతి ఎటో పోయింది. బుజ్జి బోర్లా పడ్డాడు.

గుడివాడ మైదానమంతా ఒకటే నవ్వు. బందరు నుంచి పొద్దున్నే ప్యాసింజరు బండెక్కి వచ్చినవాళ్ళు మాత్రం తలలు దించుకున్నారు.

“కుర్రాడు చెడిపోయాడండీ,” అన్నాడు బందరు టీము సెక్రటరీ పట్టాభిరామయ్య. “మొదట్లో అందరూ మెరుస్తారు. నాలుగు చప్పట్లు పడేసరికి కళ్ళు నెత్తికెక్కుతాయి.”

పక్కన కూచుని ఆ మాట విన్నవాడు రామమూర్తి. మద్రాసులో ఒక రైల్వే టీముకి ఆటగాళ్ళను ఏరుకునే మనిషి. నిరుడు ఇదే పోటీలో బుజ్జి ఆట చూశాడు. ఈ యేడు కూడా అలాగే ఆడితే వెంట తీసుకెళ్తానని మాటిచ్చాడు. టీములో చోటు, రైల్వేలో కొలువు. బుజ్జి తల్లి అచ్చమ్మ కూలికెళ్ళడం ఆ కొలువుతో ఆగాలి. అదీ సంగతి. ఈ ఆట బుజ్జికి ఆట కాదు.

నిరుడు వాడి ఆటంటే ఆట! దివిసీమ బురదలో పెరిగిన కాళ్ళు. చెప్పులెరగని కాళ్ళు. బంతి ఆ పాదాలకు అంటుకున్నట్టు వెంట వచ్చేది. ఫైనల్లో రెండు గోల్సూ వాడే కొట్టాడు. గెలవగానే జనం కెప్టెన్ రామబ్రహ్మాన్ని భుజాలకెత్తుకుని ఊరేగించారు. కెప్టెన్ కదా మరి!

తర్వాత బందరులో సభ పెట్టారు. మనకి ఉపన్యాసాలకేం కొదవ? “ఈ పాదాలు మన కృష్ణాజిల్లా పరువు!” అని పట్టాభిరామయ్య బల్ల గుద్ది మరీ చెప్పాడు. మిల్లు యజమాని శివరామయ్య బుజ్జికని మద్రాసులో బూట్లు కుట్టించి తెప్పించాడు. దొరలు తొడిగే రకం. వాటిని బల్ల మీద పెట్టి పేరు పిలిచారు. బుజ్జి వచ్చి తీసుకున్నాడు. దణ్ణం పెట్టి దిగిపోయాడు. చప్పట్లు.

అక్కణ్ణుంచి మొదలైంది పతనం. పామర్రులో పడ్డాడు. ఆఖరికి బందరులోనే పడ్డాడు. పరిగెత్తితే కుంటినట్టుంటుంది. తంతే బంతి మాట వినదు.

ఒకరోజు బుజ్జి పట్టాభిరామయ్యగారి వాకిట్లో నిలబడి నసిగాడు. “బూట్లు బిగువుగా ఉన్నాయి బాబూ.”

“కొత్త చెప్పు కరవదుట్రా? బూటంటే మాటలా? ఆముదం రాయి, అదే సాగుతుంది.”

అచ్చమ్మ ఆముదం రాసింది. ఎండలో పెట్టి మళ్ళీ రాసింది. బూట్లు సాగలేదు.

“పోనీ, విప్పేసి ఆడనా బాబూ?”

“ఏడిశావ్! ఊరంతా కలిసి చేసిన సన్మానం రా అది. శివరామయ్యగారు ముందు వరసలో కూచుంటారు. ఆయన కళ్ళెదుట విప్పి పారేస్తావా? ఆడితే తొడుక్కుని ఆడు. లేదా మానేసి ఇంటికి పో.”

బుజ్జి తొడుక్కునే ఆడాడు. ఊళ్ళోవాళ్ళకు కారణాలు కావలసినన్ని దొరికాయి. కాఫీ హోటలు మరిగాడన్నారు. టాకీల పిచ్చి పట్టిందన్నారు. పొగరన్నారు. బుజ్జి ఒక్కదాన్నీ కాదనలేదు. పెద్దవాళ్ళు అంత ఖరీదు పెట్టి ఇచ్చినవాటిలో లోపం ఎందుకుంటుంది? తప్పు తన కాళ్ళదే అనుకున్నాడు. తెలిసినవాళ్ళు ఎదురొస్తే సందులోకి తిరిగేవాడు. అన్నం తినేటప్పుడు తల్లి కంటపడకుండా పాదాలు పంచె కింద దాచుకునేవాడు.

ఆట ముగిసింది. బందరు ఓడింది.

టీమంతా కాలవకు వెళ్ళింది. గెలిచినా ఓడినా, ముసురు పట్టినా, ఆటయ్యాక మునిగి గానీ ఇళ్ళకు వెళ్ళరు. బుజ్జి ఒక్కడే గోలు స్తంభం దగ్గర కూచుని బూట్లు విప్పుకుంటున్నాడు.

రామమూర్తి అటు నడిచాడు. పట్టాభిరామయ్య వెంటపడ్డాడు.

బూటు ఊడి రావడం లేదు. బుజ్జి పళ్ళు బిగబట్టి లాగాడు. వచ్చింది. లోపలంతా రక్తం. బొటనవేలికి గోరు లేదు. వేళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి వంకర తిరిగి ఉన్నాయి.

రామమూర్తి బూటు అందుకుని వాడి పాదం పక్కన నేల మీద పెట్టాడు. బూటు ఎక్కడ? పాదం ఎక్కడ?

“ఏడాదిగా వీటితోనేనా ఆడింది?”

“బూట్లు మంచివేనండి. నాకే చేతకాలేదు.” బుజ్జి తల ఎత్తలేదు.

“ఈ కాళ్ళతో నిన్నెలా తీసుకెళ్ళనురా?” అన్నాడు రామమూర్తి. పట్టాభిరామయ్యను పక్కకు తీసుకెళ్ళాడు.

“వీటికి కొలత పంపిందెవరు?”

“నేనేనండీ. టేపు పెట్టి మరీ తీశాను.”

“ఎవరి కాలికి?”

పట్టాభిరామయ్య అటూ ఇటూ చూశాడు. “మా రామబ్రహ్మం కాలికండీ. ఇద్దరిదీ ఒకే యీడు కదా అని...”

“బూట్లు వీడికైతే వాడి కాలు కొలవడమేమిటండీ? ఆ రోజు వీడు ఊళ్ళో లేడా?”

“లేకేమండీ. మా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.”

“మరి?”

పట్టాభిరామయ్య మొహం కందిపోయింది. గొంతు బాగా తగ్గించాడు.

“హరిజన కుర్రాడి కాలు నా చేత్తో పట్టుకుని ఎలా కొలవనండీ?”