కసామాలో టమాటా కుప్ప

"టమాటాలు కిలో ఎంత?" అని అడిగాడు దివాకర్, లాప్‌టాప్ మీద వేళ్ళు ఆనించి.

"కిలో లెక్క లేదు. కసామాలో టమాటాలు కుప్పలుగా అమ్ముతారు," అన్నారు రాఘవులుగారు. "కుప్పకు ఎనిమిదో పదో కాయలు. మన లెక్కలో అర డాలరు దాటదు. అడిగితే రెండు కాయలు కొసరు కూడా వేస్తారు. దానిని మ్బసేలా అంటారు."

"ఎక్సెల్‌లో కుప్ప అనే కాలమ్ లేదు నాన్నగారూ."

"అయితే పెట్టు. కాలమ్ మనిషి గీసినదే కదా."

ఇర్వింగ్‌లోని ఆ ఇంట్లో పరుపు కొనాలన్నా, కారు మార్చాలన్నా దివాకర్ ముందుగా ఒక పట్టిక తయారుచేస్తాడు. అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చుంటారు. ఈ శనివారం పట్టికకు ‘ఆఫ్రికా’ అని పేరు పెట్టాడు.

"ఆఫ్రికా ఒక ఖండం. అందులో యాభైకి పైగా దేశాలున్నాయి. జాంబియా అని రాయి," అన్నారు రాఘవులుగారు. దివాకర్ దిద్దాడు.

జాంబియాలోని కసామాలో రాఘవులుగారు ఇరవై ఎనిమిదేళ్ళు గణితం బోధించారు. ఆయన ఒకనాటి శిష్యుడు మ్వాన్సా ఇప్పుడు అక్కడొక ప్రైవేటు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. జనవరి నుంచి ఏడాదిపాటు గణితం చెప్పేవారు కావాలని అతడు రాశాడు. అవునో కాదో ఈ సాయంత్రంలోగా తెలియజేయాలి. దివాకర్ కూతురు హంసిక గణితంలో డిగ్రీ పూర్తిచేసి ఆరు నెలలైంది. ఇంకా ఉద్యోగం దొరకలేదు. ఆ ఉత్తరం వచ్చిన నాటి నుంచి ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు.

దివాకర్ మాత్రం ససేమిరా అంటున్నాడు.

"రెంట్?"

"మూడు గదుల ఇల్లు రెండు వందల డాలర్లు. పెరట్లో అవకాడో చెట్టు ఉంటుంది. ఇక్కడ మీరు ఒక్కొక్క కాయ వత్తి చూసి కొనేది అక్కడ రాలి పడి ఉంటుంది."

"కరెంట్?"

"ముందుగా డబ్బు కట్టి మీటరులో అంకెలు నొక్కాలి. పోయినప్పుడు పోతుంది. సోలారు దీపం ఒకటి ఇక్కడే కొందాం."

"ట్రాన్స్‌పోర్ట్?"

"సున్నా. ఇంటికీ బడికీ మధ్య పావు మైలు. నడిచి వెళ్ళగలిగే ఉద్యోగం ఇర్వింగ్‌లో ఎవరికైనా ఉన్నదా?"

దివాకర్ భార్య శ్రీవిద్య నవ్వు ఆపుకుంది. "తిండి సంగతి చెప్పండి మామయ్యగారూ. కందిపప్పు దొరుకుతుందా?"

"రాజధాని లూసాకా నుంచి బస్సులో తెప్పించుకోవచ్చునమ్మా. వానలు పడగానే దారి పక్కన పుట్టగొడుగులు అమ్ముతారు. ఒక్కొక్కటి గొడుగంత. ఒకటి కొంటే ఇంటిల్లిపాదికీ కూర. ఇక గొంగళి పురుగులను ఎండబెట్టి..."

హంసిక ఆయన చెయ్యి గిల్లింది. "తాతయ్యా, పురుగుల స్టోరీ స్కిప్ చెయ్. డాడ్ నో అనేస్తాడు!"

"వినబడింది," అన్నాడు దివాకర్. "డాడ్ ఆల్రెడీ నో అన్నాడు. మలేరియా వస్తే? ఒంటరిగా ఎలా పంపిస్తాం శ్రీవిద్యా? మధ్యలో రెండు ఫ్లైట్లు మారాలి. ఇక్కడ ఏం తక్కువైంది?"

"దోమతెర ఉంటుంది, మాత్రలు ఉంటాయి, మైలు దూరంలో ఆసుపత్రి ఉంటుంది," అన్నారు రాఘవులుగారు. "ఇరవై ఆరవ యేట నేను అక్కడికి ఒంటరిగానే వెళ్ళాను. నాకు పట్టిక గీసిపెట్టిన వారు కూడా లేరు."

"అప్పటి రోజులు వేరు."

"రోజులు వేరే. ఆల్జీబ్రా అదే."

దివాకర్ పట్టికను చివరిదాకా కూడాడు. ఏ వరుసలో చూసినా కసామాయే చవక. అతడు స్క్రీన్ మూసేశాడు.

"డబ్బు కాదు పాయింట్. ఇంట్లో అందరూ ఉండగా అంత దూరం ఎందుకు అనేదే నాకు అర్థం కావట్లేదు."

శ్రీవిద్య కుర్చీ ముందుకు జరుపుకుంది. "నువ్వు పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్ళిపోతావు. నేను వర్క్ ఫ్రమ్ హోమ్, కాబట్టి నాకు కనబడుతుంది. రోజంతా గదిలో ఫోన్ చూస్తూ కూర్చోవడం. నాలుగింటికి మెయిల్ ట్రక్ చప్పుడు వినబడగానే కిటికీ దగ్గరికి రావడం. అందులో ఏమీ ఉండదని తెలిసినా రావడం. చదువుంది, తెలివుంది, ఓపికుంది. ఎవరికీ అక్కర్లేదు. ఎవరో ఒకరు పిలిచి, మీరు కావాలి అంటున్నారు. మనం వద్దంటామా?"

హంసిక తల దించుకుంది.  రాఘవులుగారు బల్ల మీద లేని దుమ్మును వేలితో తుడిచారు.

దివాకర్ మూసిన లాప్‌టాప్‌ను మళ్ళీ తెరిచాడు. 

"ఇన్సూరెన్స్ నేను తీసుకుంటాను. మందులు ఏడాదికి సరిపడా ప్యాక్ చేద్దాం. ప్రతి సండే వీడియో కాల్. ఒక్క వారం మిస్సయినా రిటర్న్ టికెట్ బుక్ చేసేస్తా. ఓకేనా?"

"ఓకే!" అని హంసిక లేచి గెంతింది. "డాడ్, యూ ఆర్ ద బెస్ట్!"

"అంగీకారమే," అన్నారు రాఘవులుగారు నిటారుగా కూర్చుని.

శ్రీవిద్య కళ్ళు తుడుచుకుని కాఫీ పెట్టడానికి లేచింది. హంసిక మ్వాన్సా పంపిన దరఖాస్తును తెరిచి, అమ్మానాన్నల ముందే నింపడం మొదలుపెట్టింది.

తాతయ్య వైపు చూసి నవ్వి, వయస్సు అన్న గడిలో డెబ్బై రెండు అని టైపు చేసింది.