నాలుగు అంగుళాలు కిందికి

గురువారం ఉదయం పది గంటలకు శామీర్‌పేటలోని ఒక ఫిజియోథెరపీ సెంటర్‌లో మసాజ్ టేబుల్‌ను నాలుగు అంగుళాలు కిందికి దించారు. అక్కడ మసాజ్ చేసే అనం ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు. టేబుల్ దించమని ఆమె ఏడు నెలలుగా అడుగుతోంది.

అడిగినప్పుడల్లా సెంటర్ యజమాని శోభారాణి ఒకే జవాబు చెప్పేది.

"టేబుల్ ఎత్తు పేషెంట్ల సౌకర్యం జూసి పెడ్తం. నీ కోసం దాని కాళ్లు కోయాల్నా? పీటెక్కి చెయ్యి. అలవాటైతది."

అనం పీట ఎక్కుతూ దిగుతూ రోజుకు తొమ్మిది మందికి చేసింది.

కాళ్లు కోయాల్సిన పని రాలేదు. కాలికొక మర ఉంది. నాలుగూ తిప్పడానికి శోభారాణికి మూడు నిమిషాలు పట్టింది.

"ఇగ ఎక్కు, పైలం," అంది.

అనం నడుం నొప్పికి కట్టుకున్న బెల్టు విప్పి, టేబుల్ మీద బోర్లా పడుకుంది. ఇప్పుడు పేషెంటు ఆమే. డాక్టర్ పన్నెండు సిట్టింగులు రాశాడు. పేషెంట్ల సౌకర్యం విషయంలో సెంటర్ మాట తప్పలేదు.

మసాజ్ చేయడానికి వేరే మనిషి లేదు. ఐదడుగుల ఎనిమిది అంగుళాల శోభారాణే చేతులకు నూనె రాసుకుంది. పది నిమిషాలకు ఆగింది.

"ఏందే గిది, వంగి వంగి నా నడుం పట్టుకుంటాంది."

"అలవాటైతది మేడం," అంది అనం, దిండులోంచి తల ఎత్తకుండా.

రెండో సిట్టింగ్ శుక్రవారం పది గంటలకు.